కారణం రాసుకున్న నోట్సు

ఫిబ్రవరి వస్తే రాజమండ్రిలోనైనా, భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా కాలేజీల దగ్గరి జిరాక్సు షాపుల వాళ్లకి ఊపిరి సలపదు. పోయినేడాది మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ల నోట్సు, లెక్చరర్లు ఇచ్చిన ఇంపార్టెంట్సు, వాట్సాప్‌లో చేతులు మారిన పీడీఎఫ్‌లు, అన్నీ కలిపి స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే సగం చదువు అయిపోయినట్టే ఉంటుంది. సీనియర్ ఇంటర్లో ఇంగ్లీషు వ్యాసాలు రాయాల్సినవాళ్లు, సీఈసీ, హెచ్ఈసీ చదువుతూ ముందుముందు లా కాలేజీలో చేరదామనుకునేవాళ్లు ఆ బైండింగు పుస్తకాన్ని మరీ నమ్ముకుంటారు. లెక్కల్లాగా ఇక్కడ చేసి చూసుకునేది ఏమీ ఉండదని, రాసి ఉన్నది బట్టీ పట్టడమే దారి అని వాళ్లకి ఎవరో చెప్పి ఉంటారు.

ఆ నోట్సు తప్పుల తడక అని నేను అనను. చాలామంది లెక్చరర్లు ఎంతో శ్రమపడి తయారుచేస్తారు. కాకపోతే అందులో ముగింపులే ఉంటాయి. ఫలానా కేసులో సుప్రీంకోర్టు ఇలా చెప్పింది. ఫలానా కథలో నాయకుడు ఉదాత్తుడు. ఫలానా సమస్యకి పరిష్కారం ప్రజల్లో చైతన్యం. కోర్టు అలా ఎందుకు చెప్పింది, ఆ నాయకుణ్ణి ఉదాత్తుడని ఏ పని చూసి అంటున్నాం, చైతన్యం వస్తే సరిగ్గా ఏది మారుతుంది అని అడిగితే ఆ పేజీల్లో జవాబు దొరకదు. ఇంగ్లీషు పేపరు దిద్దేవాళ్లు వెతికేది ఆ జవాబునే. రేపు మీరు నల్లకోటు వేసుకుంటే జడ్జిగారు అడిగేదీ దాన్నే. అందుకని ఈ అధ్యాయంలో నేను ఒక్క పని గురించే చెబుతాను. చదివిన ప్రతి విషయానికీ కారణం రాసుకోవడం, దాన్ని మీ మాటల్లో రాసుకోవడం.

రాజమండ్రి మనిషి రాసిన అసమ్మతి

కోకా సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఇక్కడి గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీలో చదివి మద్రాసు లా కాలేజీకి వెళ్లారు. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సివిక్స్ నోట్సుల్లో ఆయన పేరు పక్కన ‘గోలక్‌నాథ్ కేసు, 1967’ అని ఒక ముక్క ఉంటుంది. నోట్సు ఎలా రాసుకోవాలో నేర్చుకోవాలంటే అంతకు అయిదేళ్ల ముందు ఆయన రాసిన మరో తీర్పు దగ్గరికి వెళ్లాలి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. ఇంటి చుట్టూ రహస్యంగా కాపలా, రాత్రిపూట తలుపు తట్టి ఉన్నాడా లేడా అని చూడటం, ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరు వస్తున్నారో రాసుకోవడం, ఇవన్నీ పోలీసు రెగ్యులేషన్ల ప్రకారమే జరిగాయి. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదు, మిగతా నిఘా చెల్లుతుంది, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు అని మెజారిటీ చెప్పింది. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి. షా ఆయనతో కలిశారు.

ఆయన అక్కడితో ఆగి ఉంటే అది ఒక అభిప్రాయంగా మిగిలిపోయేది. ఆయన వాదం నడిపిన తీరు చూడండి. 21వ అధికరణలో ఉన్న వ్యక్తి స్వేచ్ఛ అంటే జైల్లో పెట్టకపోవడం ఒక్కటేనా అన్న ప్రశ్న ముందు పెట్టుకున్నారు. మనిషి ప్రైవేటు జీవితంలోకి చొరబడకుండా ఉంటేనే అది స్వేచ్ఛ అవుతుందన్నారు. గోప్యత అన్న హక్కును రాజ్యాంగం పేరుపెట్టి చెప్పకపోయినా, స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం అన్నారు. తర్వాత 19వ అధికరణలోని సంచార స్వేచ్ఛకి వచ్చారు. వెనక ఒక కన్ను వెంటాడుతోందని తెలిసినవాడు రోడ్డు మీద నడవగలడేమో గానీ స్వేచ్ఛగా నడవలేడు, ఆ భయం మనసుకి వేసిన సంకెల, కాబట్టి రెగ్యులేషన్ మొత్తం చెల్లదు అని తేల్చారు. ప్రతి మెట్టుకీ ఒక కారణం ఉంది. ఒక మెట్టు తీసేస్తే పైది నిలబడదు.

ఆ తీర్పు ఆ రోజు ఓడిపోయింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. ఖరక్ సింగ్ కేసులో మెజారిటీ అన్నది తప్పని కొట్టేసి, సుబ్బారావు గారు రాసిన దారే సరైనదన్నారు. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది. ముగింపు మాత్రమే రాసి ఉంటే 55 ఏళ్ల తర్వాత వచ్చిన న్యాయమూర్తులకి పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్లకి పనికొచ్చింది ఆయన రాసిపెట్టిన కారణాల వరుస.

మీ చేతిలో ఉన్న గైడు తెరిచి ఖరక్ సింగ్ కేసు ఉందేమో చూడండి. ఉంటే ఏడాది, ఒక ముక్క తీర్పు ఉంటాయి. ఇప్పుడు పైనున్న రెండు పేరాలూ మూసేసి, సుబ్బారావు గారు ఎందుకు ఒప్పుకోలేదో తెలుగులో నాలుగు వాక్యాలు రాయండి. వచ్చిన ఆ నాలుగు వాక్యాలే మీ మొదటి సొంత నోట్సు.

ఒక పేజీ ఎలా ఉండాలి

చాలామంది పిల్లలు తీర్పుని గానీ పాఠాన్ని గానీ మొదటి లైను నుంచి చివరి లైను దాకా కుదించి రాసుకుంటారు. ఇరవై పేజీలది నాలుగు పేజీలవుతుంది, నాలుగు పేజీలది ఒకటవుతుంది. కుదించడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ అందులో మీరు ఏదీ తేల్చుకోరు. నేను చెప్పే పేజీ ప్రశ్నతో మొదలవుతుంది. అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు విద్యార్థుల కోసం ఒక పద్ధతి పెట్టారు. కాగితానికి ఎడమవైపు సన్నటి గడిలో ప్రశ్న, కుడివైపు వెడల్పాటి గడిలో విషయం, అడుగున రెండు మూడు వాక్యాల్లో సారం. మన లాంగ్ నోట్‌బుక్కులో మార్జిన్ ఎలాగూ ఉంటుంది, దాన్ని కాస్త వెడల్పు చేసుకుంటే చాలు. ఆ అడుగు గడిలో మాత్రం నేను ఒక మార్పు చెబుతాను. సారం బదులు ‘నా తీర్పు, నా కారణం’ రాయండి.

మన ప్రాంతపు విషయంతోనే ఒక పేజీ చేసి చూద్దాం. డెల్టాలో రొయ్యల చెరువుల సంగతి తెలియని ఇల్లు లేదు. భీమవరం పక్క పల్లెల్లో వరిచేలు చెరువులైపోవడం మీ కళ్లతోనే చూశారు. ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు వీటి గురించే.

ఎడమ గడిలో ప్రశ్న: తీరంలో నా భూమిలో నేను రొయ్యల చెరువు తవ్వుకుంటే పక్కవాడికి అడిగే హక్కు ఉందా?

కుడి గడిలో, ముందు జరిగింది రాయాలి. తమిళనాడులో గ్రామ స్వరాజ్య ఉద్యమం నడిపే జగన్నాథ్ 32వ అధికరణ కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు నాగపూర్‌లోని నీరి సంస్థ నిపుణుల్ని ఆంధ్ర, తమిళనాడు తీరాలకు పంపి చూడమంది. ఊళ్లలో తాగేనీళ్లు ఉప్పబారుతున్నాయని, వరి పండే భూములు చెరువులవుతున్నాయని, మడ అడవులు పోతున్నాయని, జాలర్లు సముద్రం దగ్గరికి వెళ్లే దారులు మూసుకుపోతున్నాయని వాళ్లు నివేదిక ఇచ్చారు. 1991 నాటి తీరప్రాంత నోటిఫికేషన్ ఒకటి ఉంది. సముద్రం ఒడ్డు తప్పనిసరి అయిన పనులకే అక్కడ చోటు అని దాని అర్థం.

తర్వాత కోర్టు కారణం. పెద్ద ఎత్తున చెరువులు పెట్టడం ఒడ్డునే తప్పనిసరిగా చేయాల్సిన పని కాదు. నష్టం జరుగుతుందని పూర్తిగా రుజువయ్యేదాకా ఆగక్కర్లేదు, ముప్పు కనబడితే ముందే ఆపాలి. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలి. అందుకని నోటిఫికేషన్ పరిధిలో సంప్రదాయ పద్ధతి చెరువులు తప్ప మిగతావి తీసేయాలని, వ్యవసాయ భూమిని, మడ అడవిని, ఊరి ఉమ్మడి భూమిని చెరువులుగా మార్చకూడదని చెప్పింది.

ఇక్కడితో ఆపేస్తే అది సగం నోట్సు. ఆ తర్వాత ఏం జరిగిందో ఒక లైను వేయాలి. రివ్యూ పిటిషన్లు పడ్డాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ పెట్టి, పెంపకానికి దారి ఇచ్చింది. అంటే కోర్టు ఒక మాట అంది, చట్టసభ ఇంకో మాట అంది. పరీక్షలో ఈ లైను రాసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే ఉంటారు, ఎందుకంటే చాలా గైడ్లు 1996 దగ్గరే ఆగిపోతాయి.

అడుగు గడి మీది. ఒకరు ‘కోర్టు చెప్పింది సరైనదే, తాగేనీళ్లకి ప్రత్యామ్నాయం లేదు, రొయ్యకి ఉంది’ అని రాస్తారు. ఇంకొకరు ‘కోర్టు మరీ గట్టిగా పోయింది, ఒకటి రెండు ఎకరాల రైతునీ కంపెనీనీ వేరుగా చూడాల్సింది’ అంటారు. రెండూ మంచి తీర్పులే. ‘అభివృద్ధి, పర్యావరణం రెండూ సమతుల్యంగా సాగాలి’ అని రాస్తే మాత్రం మీరు ఏ తీర్పూ చెప్పనట్టే. ఆ వాక్యాన్ని ఏ ప్రశ్నకైనా అతికించవచ్చు, అందుకే దానికి విలువ లేదు.

అదే పేజీ ఇంగ్లీషు వ్యాసమవుతుంది

ఇంగ్లీషు వ్యాసానికి వేరే నోట్సు, లాకి వేరే నోట్సు అక్కర్లేదని నా నమ్మకం. ఆక్వా మీద వ్యాసం రాయమన్నారనుకోండి. మామూలుగా ఏం చేస్తారు? మత్స్య సంపద ప్రాధాన్యంతో మొదలుపెట్టి, లాభాలు, నష్టాలు, ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి అన్న వరుసలో నడిపించి, ఎవరో మహానుభావుడి సూక్తితో ముగిస్తారు. దిద్దేవాళ్లు ఆ రోజు చూసిన ముప్పైవ పేపరూ అలాగే ఉంటుంది.

మీ పేజీ ముందు పెట్టుకోండి. అడుగు గడిలోని మీ తీర్పు వ్యాసంలో మొదటి పేరా. అది రెండు వాక్యాలు దాటకూడదు. కుడి గడిలోంచి మీ తీర్పుని నిలబెట్టే రెండు విషయాలు తీసుకోండి, ఒక్కోదానికి ఒక పేరా. నీళ్లు ఉప్పబారడం ఒకటి, జాలరి దారి మూసుకుపోవడం ఒకటి. తర్వాత పేరా మీకు ఎదురుగా నిలబడ్డవాడిది. వ్యాసం రాసే పిల్లలు ఎక్కువగా వదిలేసేది దీన్నే. చెరువు వల్ల అప్పు తీర్చుకుని కూతుర్ని ఇంజనీరింగ్ చదివించిన రైతు ఏమంటాడు? ఆయన మాటని ఆయన ఒప్పుకునేలా రాయండి, వెక్కిరింపుగా రాయకండి. అప్పుడు అయినా సరే నేను నా తీర్పు మీదే ఎందుకు ఉన్నానో చెప్పండి. అక్కడితో ఆపేయండి.

సుబ్బారావు గారు మెజారిటీ వాదాన్ని పక్కకి నెట్టేయలేదు. దాన్ని ఎదురుగా పెట్టుకుని జవాబు చెప్పారు. వ్యాసంలో ఎదుటి పక్షం పేరా బలంగా ఉన్నప్పుడే మీ పక్షం బలం తెలుస్తుంది.

తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి ఒక మాట. నోట్సులో ఆలోచన తెలుగులోనే చేయండి. దానికి సిగ్గుపడక్కర్లేదు. ఎడమ గడిలో ప్రశ్న, అడుగున తీర్పు తెలుగులో ఉంటే అది మీ బుర్రలోంచి వచ్చిందన్న గుర్తు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఒక వాక్యంలో ఒకే సంగతి పెట్టండి. ఎనిమిది పదాల వాక్యాలు తప్పుల్లేకుండా రాస్తే, పెద్ద పెద్ద మాటలతో నిండిన మూడు పేరాల కంటే మంచి మార్కులొస్తాయి. చట్టం మాటలు మాత్రం మొదటి నుంచీ ఇంగ్లీషులోనే అలవాటు చేసుకోండి. పిటిషన్, రిట్, రివ్యూ, అప్పీల్ మన కోర్టు ఆవరణల్లో కూడా అందరూ అనేవే.

పాఠాల విషయంలోనూ ఇదే పద్ధతి. కథ గానీ నాటకం గానీ చదివాక పాత్రల స్వభావాలు జాబితా వేయడం మానేసి, ఒక పాత్ర చేసిన ఒక్క పనిని పట్టుకోండి. ఆ పని ఎందుకు చేసింది, చేయకుండా ఉండగలిగేదా, ఆ సమయంలో రచయిత ఏ విషయం చెప్పకుండా దాచాడు అని అడగండి. కోర్టులో సాక్షిని అడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఇలాంటివే.

పాత నోట్సు ఎందుకు కొంప ముంచుతుంది

చట్టం చదివేవాళ్లకి అరువు నోట్సు ఇంకో ప్రమాదం తెస్తుంది. 2024 జులై 1 నుంచి 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియమం వచ్చాయి. హత్యకి శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103. సినిమాల వల్ల ఊరందరి నోటా నలిగిన 420 ఇప్పుడు 318లో ఉంది. భర్తా అత్తమామలూ పెట్టే హింసకి సంబంధించిన 498-ఎ బదులు 85 వచ్చింది. ఊళ్లో గొడవలైతే పెట్టే 144 సెక్షన్ ఇప్పుడు 163. ఎఫ్ఐఆర్ నమోదు చేసే 154 ఇప్పుడు 173.

2023లో సీనియర్ దగ్గర తీసుకున్న జిరాక్సులో ఇవేవీ ఉండవు. అలాగని పాత అంకెలు చెరిపేయకండి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఇప్పటికీ పాత చట్టమే వర్తిస్తుంది, పాత తీర్పులన్నీ పాత అంకెల్లోనే ఉంటాయి. మీ పేజీలో రెండు అంకెలూ పక్కపక్కన రాసి, పైన తేదీ వేయండి. నోట్సులో ప్రతి పేజీ మీదా తేదీ వేయడం అలవాటైతే, ఏడాది తర్వాత తిరగేసినప్పుడు ఏది మళ్లీ సరిచూసుకోవాలో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఫోన్‌ని అడిగినా క్షణాల్లో వ్యాసం వస్తోంది, కేసుల పేర్లతో సహా. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలా చాట్‌జీపీటీ ఇచ్చిన కేసుల్ని కోర్టులో దాఖలు చేశారు. ఆ కేసులు అసలు లేనే లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. వాళ్లు చదువు పూర్తిచేసి ఎన్నో ఏళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లు. తీర్పు తెరిచి చూడకపోవడమే వాళ్ల తప్పు. మీరు ఆ తప్పు చేయాల్సిన అవసరం లేదు, ఎందుకంటే సుప్రీంకోర్టు తన తీర్పుల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది, కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైట్లో దొరుకుతాయి. రాజమండ్రి వాళ్లకి గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898లో వాసురాయ కవి వేసిన పునాది మీద నిలబడ్డ ఆ గ్రంథాలయంలో కూర్చుని ఒక పూట చదివితే, ఇంట్లో టీవీ పక్కన రెండు రోజుల చదువుతో సమానం.

మళ్లీ మళ్లీ చదవకండి, మూసి రాయండి

2006లో అమెరికాలోని సెయింట్ లూయీ వాషింగ్టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరిచేత ఒక పాఠం మళ్లీ చదివించారు. మిగతావాళ్లచేత పాఠం మూసేసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు బాగా ముందున్నారు. మన పిల్లలు పరీక్ష హాలు గేటు ముందు కూడా నోట్సు తిరగేస్తూ ఉండటానికి కారణం ఈ మొదటి అయిదు నిమిషాల ధీమాయే. చదువుతున్నంతసేపూ అన్నీ వచ్చినట్టే ఉంటాయి.

కాబట్టి ఎడమ గడిలోని ప్రశ్నలు ఇక్కడ పనికొస్తాయి. కుడి సగాన్ని అట్టముక్కతో కప్పి, ప్రశ్న చూసి కారణం పైకి చెప్పండి. చెప్పలేకపోతే కంగారు వద్దు, తెరిచి చూసి రెండు రోజుల తర్వాత మళ్లీ కప్పండి. ఇద్దరు కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. ఒకరు ప్రశ్న అడగాలి, రెండోవాళ్లు జవాబిచ్చాక మొదటివాళ్లు ‘ఎందుకు?’ అని ఇంకోసారి అడగాలి. ఆ రెండో ‘ఎందుకు’ దగ్గర తడబడితే మీ నోట్సులో అక్కడ కారణం లేదని అర్థం.

పరీక్షల తీరు కూడా ఇదే కోరుతోంది. మన లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలుంటాయి, అందులో 60 న్యాయ అధ్యయనానికి మీ మొగ్గు చూసేవి. జాతీయ లా యూనివర్సిటీల కోసం రాసే క్లాట్ ప్రశ్నలన్నీ పేరాలు చదివి తేల్చుకునేవే, 2 గంటల్లో 120. లీగల్ రీజనింగ్ భాగంలో ఒక సూత్రం, ఒక సంఘటన ఇచ్చి, ఏం తేలుతుందని అడుగుతారు. చట్టం ముందే తెలిసి ఉండాలని అడగరు. విశాఖ దగ్గర సబ్బవరంలో ఉన్న దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకి వెళ్లాలన్నా, హైదరాబాద్ నల్సార్‌కి వెళ్లాలన్నా ముందు పేరా చదివి కారణం పట్టుకోవడం రావాలి. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది కాబట్టి ఊహతో నెట్టుకురావడం కుదరదు.

మీ వయసులో వాళ్లు ఏం రాశారు

ఇంగ్లీషూ చట్టమూ కలిస్తే ఏమవుతుందో మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1878లో టి. ముత్తుస్వామి అయ్యర్‌ని మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా వేశారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఇంగ్లీషువాళ్ల పత్రికలు ఆ నియామకం మీద విరుచుకుపడ్డాయి. దానికి జవాబు చెప్పాలని ఆరుగురు యువకులు సెప్టెంబరు 20న ‘ది హిందూ’ వారపత్రిక మొదలుపెట్టారు. మొదటి సంచిక 80 కాపీలు. ఆరుగురిలో నలుగురు లా విద్యార్థులు, వాళ్లలో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు. చదువు కాగానే ఆయన రాజమండ్రి వచ్చి ప్లీడరుగా స్థిరపడ్డారు. పురపాలక సంఘం అధ్యక్షుడయ్యారు. ఆయన నడిపిన ‘చింతామణి’ పత్రిక నవలల పోటీలు పెట్టి చిలకమర్తి లాంటివాళ్లను ముందుకు తెచ్చింది. ‘ది హిందూ’ పెట్టిన ఆ ఆరుగురూ అప్పుడు రాసినది పరీక్ష కోసం కాదు. ఒక అన్యాయమైన మాట పత్రికలో చూశారు, అది ఎందుకు తప్పో కాగితం మీద పెట్టారు.

దుర్గాబాయి గారు కూడా రాజమండ్రిలోనే 1909 జులై 15న పుట్టారు, కోకా సుబ్బారావు గారి పుట్టినరోజు నాడే. బడి మధ్యలో మానేసి, ఉద్యమంలోకి వెళ్లి, జైలు చూసి, ఆ తర్వాత ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టారు. తాను చదువుకున్నట్టే ఇతర ఆడపిల్లల్ని మెట్రిక్ పరీక్షకి తయారుచేస్తూ ఆంధ్ర మహిళా సభకి బీజం వేశారు. లా చదివి రాజ్యాంగ సభకి వెళ్లారు. రాజ్యసభ సభ్యులకి కనీస వయసు 35 అని ప్రతిపాదన ఉంటే 30 చాలని సవరణ పెట్టారు. ఈరోజు రాజ్యాంగం 84వ అధికరణలో ఉన్నది ఆ 30 ఏళ్లే. ఒక ముసాయిదాని లైను లైనుగా చదివి, ఈ అంకె ఎందుకు అని అడిగిన మనిషి ఆమె.

మీరూ అలాగే చదవాలి. పెన్సిలు పట్టుకుని, పాఠ్యపుస్తకంతో సహా దేన్నయినా ప్రశ్నిస్తూ చదవాలి.

ఇంట్లో పెద్దలకి ఒక విన్నపం. పిల్లలు నోట్సు రాసుకుంటుంటే ‘అంతసేపు రాసే బదులు రెండుసార్లు చదవచ్చు కదరా’ అని ఆపకండి. రాసి తేల్చుకునే గంట చదువులోకే వస్తుంది. ఈనెల కొనబోయే గైడు డబ్బులతో మంచి లాంగ్ నోట్‌బుక్కులు కొనివ్వండి.

విద్యార్థులారా, ఈ ఆదివారమే మొదలుపెట్టండి. సిలబసులో ఉన్న ఒక్క కేసు గానీ ఒక్క పాఠం గానీ తీసుకోండి, ఒక్క పేజీ చాలు. అడుగు గడిలో మీ తీర్పు రాసి, దాని కింద ‘ఎందుకంటే’ అని మొదలయ్యే రెండు వాక్యాలు రాయండి. పేజీ మీద తేదీ వేయడం మరచిపోకండి.